సిదోని చెయ్యెరిగిన పిట్టలు

మారిషస్‌కు తూర్పున సముద్రం మధ్యనున్న మా చిన్న దీవిలో, పెతీత్ బ్యూత్ ఊళ్ళో సిదోనిని ఎరగనివాళ్ళు లేరు. ఎరక్కుండా ఉండాలన్నా కుదరదు, అంత పొడుగు మనిషి. ఆక్టోపస్ వేటకు ఇరవైమంది ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగితే ఒడ్డు మీదివాళ్ళకు ముందుగా కనిపించేది ఆవిడ గడ్డిటోపీయే. దూరంగా పగడపు దిబ్బ మీద అలలు విరిగి నురగ కక్కుతుంటాయి. ఇవతల మోకాలి లోతు నీళ్ళలో, చేతిలో ఇనుప చువ్వతో, నడుముకు కట్టిన తీగతో, సొంత పెరట్లో తిరిగినట్టు తిరుగుతుంది. పదకొండో ఏట తల్లి చెయ్యి పట్టుకుని దిగింది. ఇప్పుడు యాభై ఏడు. సముద్రం ఆవిడకు కొత్త చూపించడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆ నీళ్ళ అడుగున ఆవిడకు తెలిసిన కన్నాలు మూడువందల పైచిలుకు. ప్రతిదానికీ ఆవిడే పేరు పెట్టుకుంది. ఫాదరుగారి వంటిల్లు. చెవిటిదాని వాకిలి. అత్తగారి పెట్టె. అత్తగారి పెట్టెలో ఎప్పుడూ ఒక పాముచేప కాపరం ఉంటుంది, చెయ్యి పెడితే కరుస్తుంది. మధ్యాహ్నం ఒడ్డుకొచ్చి తీగకు గుచ్చిన ఆక్టోపస్‌లను బల్ల మీద పరిచినప్పుడు, "ఇది చెవిటిదాని వాకిట్లోది, ఇది ఫాదరుగారి వంటింట్లోది, దాని పెళ్ళాం గుడ్ల మీద ఉంది, వదిలేశాను" అని చెప్పుకుపోతుంది. నెల కిందటిది అడిగినా చెప్తుంది. ఏడాది కిందటిది అడిగినా చెప్తుంది. కాగితం మీద ఎవరైనా రాసుకుంటుంటే నవ్వుతుంది. రాసుకోవడం మతిమరుపువాళ్ళ పని అని ఆవిడ సిద్ధాంతం. అంకెలు చదవగలదు, కాటా చూడాలి గనుక. అక్షరాలతో ఆవిడకు పని పడలేదు.

ఆవిడ మొగుడు గస్తోన్ మేకలు కాస్తాడు, పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయిస్తాడు. ఆవిడ భుజానికి వస్తాడు, అదీ టోపీ పెట్టుకుంటే. పెళ్ళి ఫోటోలో అతన్ని నిమ్మసోడా పెట్టె మీద నిలబెట్టారు. పెట్టె కనబడకుండా పెళ్ళికూతురి గౌను అంచు లాగి కప్పారు గాని ఊరంతటికీ పెట్టె సంగతి తెలుసు. "ఆవునూ మేకనూ ఒకే గుంజకు కట్టార్రా, ఇది నిలిచే కాపరం కాదు" అన్నారు పెద్దలు ఆనాడు. ముప్ఫై నాలుగేళ్ళు నిలిచింది. ముగ్గురు పిల్లలు పుట్టారు, ముగ్గురూ మధ్యరకం ఎత్తు. గస్తోన్‌కు కోపం వస్తే గబగబా ఇంటి మెట్టు మీదికెక్కి, కళ్ళు కళ్ళకు సరిపోయాక అప్పుడు పోట్లాడతాడు. సిదోని అతను ఎక్కేదాకా ఓపిగ్గా ఆగుతుంది. అది వాళ్ళ మర్యాద.

ఏటా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రెండు నెలలు ఎవరూ ఆక్టోపస్‌ల జోలికి పోకూడదు. గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ వేటకు దిగే ఆడవాళ్ళకు సర్కారు ఆఫీసువాళ్ళు ఏదో ఒక పని చూపిస్తారు. ఒక ఏడు ఒడ్డున చెత్త ఏరారు. ఒక ఏడు బడికి సున్నం వేశారు. సిదోని కథ జరిగిన ఏడు మాత్రం, ఆరుగురు ఆడవాళ్ళను పిలిచి ఊరికి పైనున్న సున్నపురాతి గుహల్లో మట్టి జల్లించమన్నారు. మట్టిలో సొలితేర్ ఎముకలున్నాయట.

సొలితేర్ అంటే ఒంటరిది. మా దీవి పిట్ట. హంసంత ఒళ్ళు, పేరుకు రెక్కలున్నా ఎగరలేదు. రెండొందల యాభై ఏళ్ళ కిందటే ఉన్నవాటన్నిటినీ ఓడలవాళ్ళూ పిల్లులూ కలిసి తినేశారు. ఇప్పుడది తేనె సీసాల మీద బొమ్మగా బతుకుతోంది, బస్సుల మీదా, బనీన్ల మీదా.

పని చేయించడానికి మారిషస్ నుంచి డాక్టర్ ఒదిల్ అనే ఆవిడ వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, ఎండకు ముక్కు కందిపోయి ఉండేది. ఎముకల డాక్టరమ్మ వచ్చిందని విని లిజెత్ అత్తగారు మోకాలి నొప్పితో గుహదాకా కుంటుకుంటూ వచ్చింది. లిజెత్ ఆ ఆరుగురిలో ఒకతె, సిదోనికి చెల్లెలి వరస, ఊళ్ళో అందరికంటే పొడుగైన నాలుక ఆవిడది. డాక్టరమ్మ ముసలావిడ మోకాలు మర్యాదగా చూసి, "మామ్మా, నేను చచ్చిపోయిన పిట్టలకే డాక్టర్ని" అంది.

"అయితే నాకింకా టైముందన్నమాట!" అని ముసలావిడ సంతోషంగా కొండ దిగిపోయింది.

మొదటి రోజుల్లోనే ఒకనాడు, గుహ ముందు నీడలో కూర్చుని మొక్కజొన్న సంకటీ ఎర్ర చిక్కుడుగింజలూ తింటుండగా లిజెత్ అడిగింది. "డాక్టరమ్మా, దీని అసలు పేరేంటి? మీ పుస్తకాల్లో పేరు?"

డాక్టరమ్మ చెంచా కింద పెట్టేసింది. "ఏ పేరు చెప్పమంటావు? బోలెడున్నాయి. మొదట ఈ దీవిలో రెండేళ్ళున్న ఒక పెద్దమనిషి దాన్ని కళ్ళారా చూసి రాశాడు. ఎట్లా నడుస్తుంది, ఎట్లా కాపరం చేస్తుంది, ఒక్క గుడ్డునే మొగుడూ పెళ్ళాం వంతులేసుకుని ఎట్లా పొదుగుతాయి, అన్నీ. తర్వాత దూరదేశాల్లో కూర్చున్న పండితులు, వీడు కోతలు కోస్తున్నాడు, అలాంటి పిట్టే లేదన్నారు."

"చూసినవాడిదా అబద్ధం?"

"చూసినవాడిదే. ఇంకొందరు ఇది మారిషస్ డోడోకి తోబుట్టువన్నారు, ఆ పేరు పెట్టారు. మరొకాయన ఇది నజరేత్ దీవి డోడో అని వేరే పేరు పెట్టాడు. ఆ దీవి ఎక్కడుందో ఈనాటికీ ఎవరికీ తెలీదు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. చదువు ముదిరితే ఇట్లాగే ఉంటుంది.

"ఆఖరికి ఎముకలు దొరికాయి" అంది డాక్టరమ్మ. "కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఇంకేముంది, రెండు జాతులన్నారు. పెద్దదానికో పేరు, చిన్నదానికో పేరు. పెద్దది మొగుడూ చిన్నది పెళ్ళామూ అని తెలుసుకోడానికి ఇంకో పదిహేనేళ్ళ పైనే పట్టింది."

ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ఎవరూ ఏమీ అనకుండానే అందరి చూపులూ సిదోని వైపు తిరిగాయి.

"అక్కా" అంది లిజెత్, కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వూ గస్తోన్ బావా పోయాక మీ ఎముకలు దొరికితే ఏమంటారే?"

"రెండు జాతులంటారు. నాది ఆవు, ఆయనది మేక. ఊళ్ళోవాళ్ళు ముప్ఫై నాలుగేళ్ళ కిందటే చెప్పారుగా, పండితులు కొత్తగా చెప్పేదేముంది?" అని సిదోని సంకటి ముద్ద నోట్లో వేసుకుంది.

డాక్టరమ్మ కూడా నవ్వి, తర్వాత మెల్లగా ఒక మాట చెప్పింది. ఏ దేశం మ్యూజియంలో నిలబెట్టిన సొలితేర్ అయినా నిజానికి ఒక పిట్ట కాదట. నలభై పిట్టల ఎముకలు ఏరి కట్టిన అతుకుల బొంతట. తల ఒకదానిది, తొడ ఒకదానిది. కలిసి బతికి కలిసి పోయిన ఒక్క అసలైన జంట ఎముకలు ఎవరికీ దొరకలేదు. గుహ లోపలి గోడకు ఒక ఇరుకు నెర్రె ఉంది. అందులోకి దీపం దింపి చూస్తే, అడుగున ఒక పెద్ద తలా ఒక చిన్న తలా పక్కపక్కనే ఉన్నట్టు కనబడ్డాయట.

"ఇక్కడ డిసెంబరులో చిన్న మ్యూజియం తెరుస్తున్నారు. మధ్యలో ఒక గాజుపెట్టె ఖాళీగా ఉంచమన్నాను" అంది. "ఇంకో రెండేళ్ళలో నా ఉద్యోగం అయిపోతుంది. ఈ లోపల ఆ జంటను చూడాలి."

ఆ నెర్రెలోకి మనిషి దూరే సందు లేదు, డాక్టరమ్మ చెయ్యి అడుగుకు అందదు, కర్ర దింపితే ఎముక విరుగుతుంది. ఆరుగురిలోనూ సిదోని చెయ్యి ఒక్కటే అడుగుదాకా అందింది. బోర్లా పడుకుని, చెంప రాతికి ఆనించి, భుజం మొదలుదాకా లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతుంది. ఆవిడకు ఆ పని నేర్పాల్సిన అవసరం లేదు. నలభై ఆరేళ్ళుగా చేస్తున్నదే, అక్కడ నీళ్ళు, ఇక్కడ మట్టి.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మకు పంటి చిగురు వాచింది. చెంప కొబ్బరికాయంత అయింది. పోర్ట్ మతురాఁ పట్నం వెళ్ళి పన్ను పీకించుకు రావాలి, రెండు రోజుల పని. పోతూ పోతూ, మాట సరిగా రాకపోయినా, "ప్రతి ఎముకా ఏ మూల దొరికిందో కాగితం మీద రాసి, విడి సంచిలో వెయ్యండి" అని లిజెత్ చేతిలో కాగితాలూ పెన్సిలూ పెట్టింది.

ఆమె వెళ్ళిన మధ్యాహ్నమే ఆగ్నేయపు గాలి తిరిగి, మబ్బు కమ్మింది. వానపడితే నెర్రెలోకి నీళ్ళు దిగుతాయి. బురదతో కలిసి ఎముకలు ఎటు కొట్టుకుపోతాయో దేవుడికెరుక. సిదోని ఇక ఆగలేదు. పడుకుంది, చెయ్యి పెట్టింది, ఒక్కొక్కటే తీసి వెనక్కి అందించింది. లిజెత్ రాయబోతే బురదచేతికి కాగితం తడిసి చిరిగింది, పెన్సిలు మొన విరిగింది.

"అక్కా, ఇదే మూలది?"

"రాయొద్దులేవే. నాకు తెలుసు కదా!" అంది సిదోని రాతిలోంచి.

మర్నాడు సాయంత్రానికి నెర్రె ఖాళీ. రెండొందల పదమూడు ఎముకలు. ఒడ్డుకు తెచ్చిన ఆక్టోపస్‌లను ఏం చేస్తారో వీటినీ అదే చేశారు. శుభ్రంగా కడిగారు, నీడన ఆరబెట్టారు, ఒకేలాంటివి పక్కపక్కన పెట్టి సైజు చూసి వేరుచేశారు. కాటా దగ్గర పెద్దవి ఒక తొట్టి, చిన్నవి ఒక తొట్టి, అది మా వాళ్ళకు చేతుల్లో ఉన్న విద్య. పెద్ద ఎముకలు నీలం బేసినులో, చిన్నవి తెల్ల బేసినులో. చూస్తే ముచ్చటేసింది. ఆరుగురూ చేతులు దులుపుకుని, డాక్టరమ్మ ఎంత సంతోషిస్తుందో అనుకుంటూ ఇళ్ళకు పోయారు.

డాక్టరమ్మ బుధవారం పొద్దున వచ్చింది. చెంప ఇంకా పూర్తిగా తగ్గలేదు. "సంచులేవి?" అంది.

"సంచులెందుకు డాక్టరమ్మా?" అని సిదోని బేసిన్ల మీది గుడ్డ తీసింది. "పెద్దవి ఇక్కడ, చిన్నవి ఇక్కడ. మట్టి చుక్క లేదు చూసుకోండి!"

డాక్టరమ్మ అటూ ఇటూ చూసి, బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. తర్వాత అంది: "నూట డెబ్భై ఏళ్ళ కిందట పండితులు చేసిన తప్పే మనమూ చేశాం."

విడమరిచి చెప్పింది. తలలు నాలుగున్నాయి, అంటే నాలుగు పిట్టలు. రెండు పెద్దవి, రెండు చిన్నవి. వాటిలో ఒక జంట అడుగున కలిసి పడింది. మిగతా రెండూ ఎప్పుడో వేరువేరుగా పైన పడ్డాయి. ఏది ఎక్కడ దొరికిందో తెలిస్తేనే జంటను విడదీయగలం. కడిగాక అన్నీ ఒకే రంగు. "ఇప్పుడు మొగుళ్ళంతా ఒక బేసినులో, పెళ్ళాలంతా ఒక బేసినులో. ఎవరు ఎవరివాళ్ళో దేవుడే చెప్పాలి."

లిజెత్ విరిగిన పెన్సిలు వెనక దాచుకుంది.

"తప్పు నాది" అంది డాక్టరమ్మ. "ఇంకా గట్టిగా చెప్పి వెళ్ళాల్సింది."

"గట్టిగానే చెప్పారు" అంది సిదోని. ముఖం నల్లబడింది, మాట మాత్రం తొణకలేదు. "రాయమన్నారు. ఇది రాయబోయింది. నేనే వద్దన్నాను. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ పనికి చదువుకున్నవాళ్ళను మారిషస్ నుంచి పంపిస్తామని ఆఫీసువాళ్ళు ముందే అన్నారు. వద్దు, ఈ ఊరి ఆడవాళ్ళే చేస్తారని నేను పట్టుబట్టాను. శుక్రవారం నేను రిపోర్టు పంపాలి సిదోనీ. జరిగింది రాయక తప్పదు."

అంటే ఆరుగురి పనీ శుక్రవారంతో సరి. ఈ ఏడే కాదు, ఇక ఏ ఏడూ పిలవరు. సిదోనికి అంతకంటే గుచ్చుకున్నది ఇంకోటి. నలభై ఆరేళ్ళలో తను పట్టినదాన్ని తను పోగొట్టడం ఇదే మొదలు.

ఆ సాయంత్రం ఇంటి ముందు ఎండు ఆక్టోపస్ కూర వండి, తను తినకుండా కూర్చుంది. గస్తోన్ మేకలను దొడ్లోకి తోలి వచ్చి గిన్నె మూత ఎత్తి చూశాడు, పెళ్ళాం ముఖం చూశాడు. మెట్టెక్కాడు.

"ఏమైందే?"

చెప్పింది. మొత్తం విని అతను తల గోక్కున్నాడు. "నా బెల్టు ఎక్కడుందో నాకు తెలీదు, నీకు తెలుసు. మన రెండోదాని పన్ను ఏ పెంకు కింద దాచావో ఇరవై ఆరేళ్ళయినా చెప్తావు. నువ్వు మర్చిపోవడమేంటే? నా చెవుల్తో వినాల్సిన మాటేనా ఇది?"

"మర్చిపోలేదయ్యా. బేసినులో చూస్తే ఏమీ తట్టలేదు. అన్నీ ఎముకల్లాగే ఉన్నాయి."

"చూస్తే ఏం తడుతుంది నీ మొహం! తీసేటప్పుడు చూశావా? సముద్రంలో మాత్రం చూసి పడతావా?"

సిదోని తల ఎత్తి మొగుడివైపు చూసింది. ఆ మెట్టు మీద నిలబడి అతను ముప్ఫై నాలుగేళ్ళలో అన్నవాటిలో పనికొచ్చే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇది అందులో ఒకటి. గిన్నె దగ్గరికి లాక్కుని ఇద్దరికీ వడ్డించింది.

గురువారం పొద్దున అందరికంటే ముందు గుహకు చేరింది. డాక్టరమ్మ రాగానే, "నేను మళ్ళీ నెర్రెలో చెయ్యి పెట్టి పడుకుంటాను. లిజెత్ ఒక్కో ఎముకా నా చేతికి అందిస్తుంది. అది ఏ మూలదో నేను చెప్తాను. మీరు రాసుకోండి. ఈసారి రాయొద్దనను" అంది.

డాక్టరమ్మ ఆవిడవైపు జాలిగా చూసింది. నమ్మలేదు. నమ్మడానికి ఏముంది? అయినా పెన్సిలు తీసింది.

సిదోని బోర్లా పడుకుంది. చెంప చల్లని రాతికి ఆనించి కళ్ళు మూసుకుంది. ఎడమచేత్తో ఎముక అందుకుని, అటూ ఇటూ తిప్పి, కుడిచేతికి మార్చుకుని లోపలికి దింపింది. వేళ్ళు కాసేపు గాలిలో వెతికాయి. ఒకచోట ఆగాయి.

"పొయ్యి మూల" అంది.

"ఏంటీ?" అంది డాక్టరమ్మ.

"లోపల ఎడమవైపు మూడు రాళ్ళున్నాయి, పొయ్యిలాగా. అక్కడ, పడమటి రాయి కింద. మొన ఇటు తిరిగి ఉంది. రాసుకోండి."

నెర్రెలోనూ ప్రతి సందుకూ ఆవిడ అప్పుడే పేరు పెట్టుకుంది. పొయ్యి మూల, దిండురాయి, గాడిద చెవి, ఉయ్యాల. పెట్టకుండా ఉండడం ఆవిడకు రాదు. మొదటి పది ఎముకలకు అరగంట పట్టింది. ఆ తర్వాత చెయ్యి దారి పట్టింది. "గాడిద చెవి. గాడిద చెవి. ఇది దాని పక్కదే, జత. దిండురాయి మీద, వెల్లకిలా. ఇది ఉయ్యాల అడుగున, దీని మీద ఇంకోటి ఉంది, చిన్నది, సన్నటిది, ఏదే అది? తెల్ల బేసినులో చూడు. ఆఁ, అదే."

మధ్యాహ్నానికి వంద దాటాయి. అన్నం తినడానికి కూడా లేవలేదు. లిజెత్ బొప్పాయి తీపిరొట్టె తుంచి నోట్లో పెడితే పడుకునే నమిలింది.

నూట ముప్ఫయ్యో ఎంతో ఎముక. చేతికి తీసుకుంది. తిప్పింది. లోపలికి దింపలేదు. మళ్ళీ తిప్పింది. చటుక్కున కళ్ళు తెరిచింది.

"ఎవరే దీన్ని కలిపింది?"

"నేను బేసినులోంచే తీశానక్కా!" అంది లిజెత్.

"బేసినులోది కాదు. దీన్ని నా చెయ్యి ఎరగదు. ఇది మా గోతిది కాదు!" అని సిదోని లేచి కూర్చుంది. నలభై ఆరేళ్ళ కోపం ముఖంలోకి వచ్చింది. "నేను నడుం విరగ్గొట్టుకుని పడుకుంటే ఆటలాడుతున్నారా?"

డాక్టరమ్మ కందిన ముక్కు ఇంకా ఎర్రబడింది. "నేనే కలిపాను. వేరే గుహలో దొరికినవి మూడు. చూద్దామని... క్షమించండి సిదోనీ."

లిజెత్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పండితులకు చూసినవాళ్ళ మాట నమ్మే అలవాటు లేదులెండి!"

సిదోని ఒక్క క్షణం గుర్రుగా చూసి, ఫక్కున నవ్వేసింది. "మంచి పని చేశారు. కొత్తగా వచ్చిన కోడలికి నేనూ నీళ్ళలో ఇట్లాగే పరీక్ష పెడతాను. మిగిలిన రెండూ కలిపే ఉంచండి, నేనే ఏరుతాను" అని మళ్ళీ పడుకుంది. ఏరింది కూడా. రెంటినీ ముట్టుకున్న మరుక్షణం వెనక్కి విసిరింది.

శుక్రవారం పదిగంటలకు రెండొందల పన్నెండు ఎముకలకు చోటు దొరికింది. డాక్టరమ్మ గుహ నేల మీద తెల్లగుడ్డ పరిచి, ఉయ్యాలలోవీ దిండురాయివీ తీసి వరసగా పేర్చింది. కుడి తొడ ఎముకా ఎడమ తొడ ఎముకా పక్కపక్కన పెట్టి కొలిచింది, వెంట్రుకవాసి తేడా లేదు. మెడ ఎముకలు ఒకదానికొకటి తాళంచెవి కుదిరినట్టు కుదిరాయి. పెద్దదొకటి, చిన్నదొకటి. చిన్నదాని మెడ పెద్దదాని రెక్క మీదుగా వాలి ఉంది. పుస్తకాలన్నీ ఒంటరిదని పేరు పెట్టిన పిట్ట అడుగున ఇట్లా పడుకుని ఉంది, ఇన్నేళ్ళూ.

డాక్టరమ్మ ఏడ్చింది. వాచిన చెంప పట్టుకుని, కళ్ళజోడు తియ్యకుండానే ఏడ్చింది. ఆడవాళ్ళు అటు తిరిగి బేసిన్లు కడిగారు.

తెల్ల బేసినులో ఇంకొకటి మిగిలింది. చిటికెన వేలి కణుపంత, కాలివేలి ఎముక. సిదోని దాన్ని నాలుగుసార్లు తీసుకుని నాలుగుసార్లు కింద పెట్టింది.

"దీన్ని తీసింది నేనే. అది తెలుసు. ఎక్కడ తీశానో తెలీడం లేదు."

డాక్టరమ్మ ముక్కు చీదుకుని దగ్గరికి వచ్చింది. చిన్నదాని పాదంలో సరిగ్గా అలాంటి ఎముకకే ఖాళీ ఉంది. "ఇది ఉయ్యాలలోదే అయి ఉంటుంది సిదోనీ. అదొక్కటీ పెడితే జంట నిండుతుంది. వేలెడంత ఎముక, ఉయ్యాల అనేయండి."

మిగతా అయిదుగురూ సిదోని చుట్టూ చేరారు. ఆ ఒక్క మాట అంటే రిపోర్టులో వంక పెట్టడానికేం ఉండదు. సిదోని ఎముకను అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నెర్రెలోకి చెయ్యి దింపింది. ఉయ్యాల తడిమింది. పొయ్యి తడిమింది. చాలాసేపు తడిమింది. చెయ్యి పైకి తీసింది.

"తెలీదు డాక్టరమ్మా. అదే రాసుకోండి."

డాక్టరమ్మ ఆ ఎముకవైపూ సిదోనివైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత పెన్సిలు తీసుకుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసింది. రిపోర్టులో కూడా అట్లాగే రాసింది, బేసిన్ల సంగతితో సహా. ఆఫీసువాళ్ళు ఏమనుకున్నారో గాని, వచ్చే ఆగస్టుకు కూడా ఆ ఆరుగురినే పిలవమని కాగితం వచ్చింది. లిజెత్ ఆ కాగితాన్ని ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చదివి వినిపించింది, వద్దన్న ఇంట్లో రెండుసార్లు.

అక్టోబరులో వేట తెరిచారు. ఫాదరుగారి వంటింట్లో ఆ ఏడు మొదటి ఆక్టోపస్ నాలుగు కిలోలు తూగింది. డిసెంబరులో మ్యూజియం తెరిచారు. సిదోని పువ్వుల గౌను తొడుక్కుంది, గస్తోన్ కోటు తొడుక్కుని అకార్డియన్ తగిలించుకున్నాడు. మధ్య గాజుపెట్టెలో జంట నిలబడి ఉంది. అతుకుల బొంత కాదు, అసలు జంట. చిన్నదాని పాదంలో ఒక్క వేలు కురచ. రెంటి కిందా కలిపి ఒకటే పలక, పలక మీద ఒకటే పేరు.

గస్తోన్ చిన్నపిట్ట పక్కన నిలబడి, పెద్దపిట్ట ఎత్తుకు తలెత్తి చూశాడు. "ఈ పెద్దదే మొగుడంటావా? నాకు నమ్మకం లేదు. పండితులు మళ్ళీ ఎక్కడో పొరబడ్డారు."

"నోర్ముయ్ గాని, ఇటు రా. ఇక్కడేం రాశారో చదువు" అంది సిదోని.

పెట్టె మూల చిన్న గాజుపళ్ళెంలో కాలివేలి ఎముక. దానిముందు అరచెయ్యంత చీటీ. గస్తోన్ కళ్ళు చికిలించి, గొంతు సవరించుకుని చదివాడు: "ఈ ఎముక ఏ పిట్టదో తెలియదు. చెప్పినవారు: సిదోని, పెతీత్ బ్యూత్."

"మళ్ళీ చదువు."

చదివాడు. మూడోసారి కూడా చదివించింది. అప్పుడతను పెళ్ళాంవైపు తిరిగి నవ్వాపుకుంటూ అన్నాడు. "లోకంలో పండితులంతా తమకు తెలిసినదాని కింద పేరు రాయించుకుంటారు. నువ్వేంటే, తెలీనిదాని కింద రాయించుకున్నావు?"

సిదోని టోపీ సరిచేసుకుని, గాజుపెట్టెలోని జంటను చూస్తూ అంది. "అది రాయించబట్టేనయ్యా, మిగతా రెండొందల పన్నెండూ నమ్మారు."